కేంద్రం పనిని మన అసెంబ్లీ ప్రశ్నించగలదా? చిత్తూరు కలెక్టరేట్‌లో ఎల్‌ఏక్యూలకు (అసెంబ్లీ ప్రశ్నలకు) జవాబులు రాసినవాడి మాట

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను. చిత్తూరు జిల్లాలో మీ ఊరి నుంచి పొలాలకు పోయే బండి బాటను కొత్త జాతీయ రహదారి అడ్డంగా కోసేసింది. అండర్‌పాస్ లేదు. ట్రాక్టరు చుట్టూ తిరిగి రావాల్సి వస్తోంది. ఎమ్మెల్యే గారి దగ్గరికి పోతే "అది సెంట్రల్ సబ్జెక్ట్ సామీ, నా చేతుల్లో ఏముంది" అన్నారు. అమెరికాలో ఉండే మీ బంధువేమో, అక్కడ యూటా రాష్ట్రంలో ఫెడరల్ ప్రభుత్వం చేసే పనుల్ని పరిశీలించడానికి రాష్ట్ర చట్టసభకే ఒక కమిషన్ ఉందని చెప్పారు. మన అసెంబ్లీకి ఆ అధికారం ఎందుకు లేదు, ఒక తీర్మానం చేయిస్తే పని జరుగుతుందా అని అడిగారు.

తీర్మానంతో మీ అండర్‌పాస్ రాదు. ఢిల్లీని పిలిచి నిలదీసే అధికారం మన అసెంబ్లీకి లేదు. అయితే ఢిల్లీ పనిని మన జిల్లాలో చేసి పెట్టేది చాలావరకు రాష్ట్ర ఉద్యోగే. అతన్ని అడిగే అధికారం అసెంబ్లీకి పూర్తిగా ఉంది. ఎమ్మెల్యే గారు చెప్పినదాంట్లో సగమే నిజమని నేను అనేది అందుకే. నేను చిత్తూరు కలెక్టరేట్‌లో భూసేకరణ సెక్షన్‌లోనూ, తర్వాత అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు తయారుచేసే సీట్లోనూ పనిచేసి రిటైరైనవాణ్ని. ఆ బల్ల మీద నుంచి చూస్తే ఈ వ్యవహారం ఎట్లా కనబడుతుందో చెబుతాను.

ముందు అమెరికా సంగతి. మీ బంధువు చెప్పింది తప్పు కాదు. యూటాలో ఫెడరలిజం కమిషన్ అని ఒకటి ఉంది, రాష్ట్ర హక్కుల మీద ప్రభావం చూపే ఫెడరల్ చట్టాల్ని, ఆదేశాల్ని పరిశీలించడం దాని పని. 2024లో ఇంకో అడుగు ముందుకు వేసి, రాజ్యాంగ పరిధి దాటిందని తాము భావించే ఫెడరల్ ఆదేశాన్ని రాష్ట్ర అధికారులు అమలు చేయకుండా చట్టసభ తీర్మానంతో ఆపేలా చట్టం కూడా చేసుకున్నారు. వాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిదంటే అక్కడి రాజ్యాంగం నుంచే. 1997లో ప్రింట్జ్ కేసులో, తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు తనిఖీ చేయమని స్థానిక షెరీఫ్‌లకు ఫెడరల్ ప్రభుత్వం పని పురమాయించకూడదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఫెడరల్ ప్రభుత్వానికి తన చట్టం అమలు కావాలంటే తన మనుషులతో చేయించుకోవాలి. ఆ మనుషుల్ని ఆపే అధికారం మాత్రం యూటాకు కూడా లేదు.

మన దగ్గర ఏర్పాటు దీనికి దాదాపు తలకిందులు. పార్లమెంటు చేసిన చట్టం అమలయ్యేలా ప్రతి రాష్ట్రం తన అధికారాన్ని వాడాలని మన రాజ్యాంగంలోని 256వ అధికరణం చెబుతుంది, అందుకు కేంద్రం ఆదేశాలు కూడా ఇవ్వచ్చు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న రవాణా మార్గాలు కట్టే, కాపాడే విషయంలో రాష్ట్రానికి ఆదేశాలివ్వచ్చని 257 విడిగా చెబుతుంది. ఆ ఆదేశాల్ని పాటించకపోతే ఏమవుతుందో 365లో ఉంది, అది రాష్ట్రపతి పాలన దాకా పోతుంది. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం, రైల్వేలు 22వది. కాబట్టి యూటా లాంటి చట్టం మన అసెంబ్లీలో పెట్టినా నిలవదు. కానీ దీనికి రెండో పక్క కూడా ఉంది. కేంద్రం మన కలెక్టరు చేత, మన ఆర్డీవో చేత పని చేయించుకుంటోంది కాబట్టి, ఆ పని తాలూకు కాగితమంతా మన ఆఫీసుల్లోనే ఉంటుంది. దాన్ని తర్వాత చూద్దాం.

తీర్మానాల విలువ తెలియాలంటే మన రాష్ట్రాన్ని మించిన ఉదాహరణ దేశంలోనే లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అప్పటి ముఖ్యమంత్రి మన పీలేరు నుంచి గెలిచిన కిరణ్‌కుమార్ రెడ్డి గారు. ఏమైంది? ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించేశాయి, జూన్ 2కు రాష్ట్రం రెండైంది. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. సాక్షాత్తూ రాజ్యాంగమే అడగమన్న అభిప్రాయానికే ఆ గతి పట్టింది.

ఇంకోటి. శాసనమండలి రద్దు కోరుతూ 2020 జనవరిలో మన అసెంబ్లీ 169వ అధికరణం కింద తీర్మానం చేసింది. దాని మీద పార్లమెంటు చట్టం చేస్తేనే రద్దవుతుంది. ఢిల్లీలో అది కదల్లేదు. 2021 నవంబరులో అదే అసెంబ్లీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 2019లో ప్రత్యేక హోదా కోరుతూ చేసిన తీర్మానం ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. విశాఖ ఉక్కును ప్రైవేటుకు ఇవ్వద్దని 2021 మేలో తీర్మానం చేశారు. ఆ ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది మాత్రం 2025 జనవరిలో. నన్నడిగితే ఆ ప్యాకేజీని తెచ్చింది తీర్మానం కాదు, 2024 ఎన్నికల తర్వాత లోక్‌సభలో లెక్కలు మారడం.

అంటే తీర్మానాలు దండగ అని కాదు. పౌరసత్వ చట్టం, సాగు చట్టాల మీద అసెంబ్లీలు తీర్మానాలు చేయడాన్ని సవాలు చేస్తూ 2021లో ఒక పిటిషన్ వేస్తే, అది ఆ సభ అభిప్రాయం, దానికి చట్టబలం లేదు, అభిప్రాయం చెప్పే హక్కు వాళ్లకు లేదా అనే ధోరణిలోనే సుప్రీంకోర్టు మాట్లాడింది. రాష్ట్రమంతటికీ ఉన్న ఒక కోరికను రికార్డు చేయడానికి తీర్మానం పనికొస్తుంది. మీ ఊరి బండి బాటకు అది సరిపడే ఆయుధం కాదు. చట్టమే చేసినా కేంద్ర చట్టానికి ఎదురు పోయేదైతే రాష్ట్రపతి ఆమోదం కావాలి. పక్కనున్న తమిళనాడు నీట్ నుంచి మినహాయింపు కోసం 2021లో ఒకసారి, 2022లో ఇంకోసారి బిల్లు పాస్ చేసింది, ఆమోదం దొరకలేదు.

"కమిటీ వేసి ఆ ప్రాజెక్టు ఆఫీసర్లనే పిలిపిస్తే?" అని మీకు అనిపించవచ్చు. దీని మీద చదవాల్సింది 2021 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన అజిత్ మోహన్ తీర్పు. ఢిల్లీ అల్లర్ల మీద ఢిల్లీ అసెంబ్లీ కమిటీ ఒకటి ఫేస్‌బుక్ అధికారికి సమన్లు పంపింది. చట్టసభ పని చట్టాలు చేయడం ఒక్కటే కాదు, సమాచారం తెలుసుకోవడానికి, విచారించడానికి బయటివాళ్లనూ పిలవచ్చని కోర్టు ఒప్పుకుంది. అదే నోటితో, శాంతిభద్రతలు, పోలీసు కేంద్రం చేతిలోవి కాబట్టి వాటి గురించి అడిగితే జవాబు చెప్పకుండా ఉండచ్చని కూడా చెప్పింది. ఢిల్లీ పూర్తి రాష్ట్రం కాదు, నిజమే. కానీ తీర్పులోని తర్కం మనకూ వర్తిస్తుంది. పిలవచ్చు, తన పరిధిలో లేనిదాని మీద జవాబు రాబట్టడం కుదరదు. హైవే డిజైన్ ఎందుకిట్లా చేశారని ఒక కేంద్ర ఇంజినీర్ని అసెంబ్లీ కమిటీ అడిగితే, ఆయన మర్యాదగా నమస్కారం పెట్టి "నేను పార్లమెంటుకు జవాబుదారీ" అని వెళ్లిపోవచ్చు.

ఇక అసలు విషయం. మీ కేసులో డిజైన్ కేంద్రానిది. భూమి తీసుకున్నది ఎవరు? 1956 జాతీయ రహదారుల చట్టం కింద భూమి తీసుకోవడానికి ఒక అధికారిని నోటిఫై చేస్తారు. భూసేకరణ అధికారి అన్నమాట, ఆఫీసుల్లో ఆయన్ని "కాలా" అంటారు. మన దగ్గర ఆయన సాధారణంగా ఆర్డీవోనో, స్పెషల్ డిప్యూటీ కలెక్టరో, జాయింట్ కలెక్టరో అయి ఉంటారు. జీతం రాష్ట్రానిది, సీటు రెవెన్యూ శాఖది. ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో రైతులు ఇచ్చే అభ్యంతరాలు వినేది ఆయనే, పరిహారం తేల్చేదీ ఆయనే. మీ బండి బాట రాష్ట్ర రెవెన్యూ రికార్డులో ఉందా లేదా చెప్పేదీ రెవెన్యూవాళ్లే.

ఇక్కడ కొంచెం ఆగి మీ గ్రామ పటం తెప్పించుకుని చూడండి. బండి బాటను జంట చుక్కల గీతలతో గుర్తు వేస్తారు. దానికి విడిగా సర్వే నంబరు ఉంటే రిజిస్టరులో రాస్తా పోరంబోకు అని రాసి ఉంటుంది. ఎఫ్‌ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, కొలతలు కూడా దొరుకుతాయి. రికార్డులో దారి ఉంటే మీ బలం ఒక రకం. పట్టా భూముల మీదుగా తాతల నాటి నుంచి నడుస్తున్న దోవే తప్ప రికార్డులో లేకపోతే బలం వేరే రకం, అప్పుడు చుట్టుపక్కల రైతుల వాంగ్మూలాలు కావాలి. నేను చూసిన ఇట్లాంటి గొడవల్లో ఎక్కువ భాగం పుట్టింది ఉమ్మడి తనిఖీ రోజునే. సర్వేయరు, ప్రాజెక్టు మనిషి, వీఆర్వో కలిసి పొలాలు తిరిగి చెట్లు, బోర్లు, షెడ్లు రాసుకుంటారు, డబ్బు చెల్లించాల్సినవి కదా మరి. దారికి డబ్బు లేదు, అడిగే పట్టాదారూ లేడు, దాన్ని రాసుకోవడం మర్చిపోతారు. ఆ నివేదికలో లేనిది డిజైన్ ఇంజినీరు కంటికి కనబడదు. తప్పు ఢిల్లీదనుకుని మనం తిడుతూ కూర్చుంటాం, అసలు ఖాళీ మన తాలూకా కాగితంలోనే ఉంటుంది.

ఇప్పుడు ఎమ్మెల్యే గారు ఏం చేయగలరో చూడండి. అసెంబ్లీలో ఎల్‌ఏక్యూ పడిందంటే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. సచివాలయం నుంచి సీసీఎల్‌ఏకు (భూపరిపాలన ప్రధాన కమిషనర్‌కు), అక్కడి నుంచి కలెక్టరుకు, ఆర్డీవోకు, తహసీల్దారుకు వరసగా ఫోన్లు దిగుతాయి. సాయంత్రం లోపల జవాబు మెయిల్ కావాలంటారు. ఏళ్ల తరబడి కదలని ఫైలు ఆ పూట బీరువాలోంచి బయటికి వస్తుంది. సెక్షన్‌లో భోజనానికి లేచేవాడుండడు. సభలో మంత్రి తప్పు చెప్పారంటే హక్కుల ఉల్లంఘన దాకా పోతుంది కాబట్టి ఎవరూ నోటికొచ్చినట్టు రాయరు. మామూలు అర్జీకి "పరిశీలనలో ఉంది" అని రాసే చెయ్యే ఎల్‌ఏక్యూకు తేదీలు వెతుక్కుంటుంది.

కానీ ప్రశ్న రాయడం తెలియాలి. మన ప్రాంత ఎమ్మెల్యేలు పొరపాటు పడేది ఇక్కడే, ఏ పార్టీవాళ్లయినా సరే. "ఫలానా గ్రామం వద్ద జాతీయ రహదారిపై అండర్‌పాస్ ఎందుకు నిర్మించలేదు?" అని రాసిస్తారు. రాష్ట్ర ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధించని విషయమని స్పీకర్ ఆఫీసు దాన్ని తీసేస్తుంది. ఒకవేళ వచ్చినా "ఈ అంశం కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది, ఇతర ప్రశ్నలు ఉత్పన్నం కావు" అని ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. ఆ ముక్క టైపు చేయడానికి మాకు ఫైలు కూడా అక్కర్లేదు. అదే ఇట్లా రాస్తే:

"రెవెన్యూ శాఖ మంత్రి దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేస్తారా: అ) ఫలానా గ్రామంలో ఫలానా సర్వే నంబరులోని రాస్తా పోరంబోకు జాతీయ రహదారి భూసేకరణలోకి వచ్చిన విషయం వాస్తవమేనా, ఆ) ఉమ్మడి తనిఖీ నివేదికలో ఆ దారి నమోదైనదా, ఇ) ప్రత్యామ్నాయ మార్గం కోరుతూ జిల్లా యంత్రాంగం ప్రాజెక్టు అధికారులకు లేఖ రాసినదా, రాస్తే ఏ తేదీన, వచ్చిన జవాబు ఏమిటి, ఈ) రాయకపోతే కారణములు ఏమిటి?"

ఇందులో కేంద్రాన్ని అడిగింది ఒక్కటీ లేదు. ప్రతి అక్షరం రాష్ట్ర ఉద్యోగి చేసిన పని గురించే. చాలా అసెంబ్లీల నిబంధనల్లో, కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్న విషయం మీద వాస్తవాల వరకే ప్రశ్న అడగచ్చు, అభిప్రాయాలు అడగకూడదు అని ఉంటుంది. లేఖ రాశారా, ఏ తేదీన, జవాబు ఏమిటి అనేవి శుద్ధ వాస్తవాలు. ఇట్లాంటి ప్రశ్న కలెక్టరేట్‌కు దిగినప్పుడు, లేఖ రాయలేదని తేలితే ఏమవుతుందో చెప్పనా? సభలో జవాబు చదివే లోపల ఆ లేఖ రాసేస్తారు. "రాశాము, ఫలానా తేదీన" అని చెప్పుకోవాలి కదా. మీకు కావలసింది కూడా అదే. మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పే నక్షత్రపు గుర్తు ప్రశ్న అయితే ఇంకా మేలు, సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేయచ్చు.

ఆ అనుబంధ ప్రశ్నకు మంత్రి "కేంద్రం దృష్టికి తీసుకెళ్తాం అధ్యక్షా" అంటారు. అందరూ బల్లలు చరిచి వదిలేస్తారు. వదలకూడదు. సభలో మంత్రి చెప్పిన అట్లాంటి మాట హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది, దాని పని ఆ హామీ నెరవేరిందా లేదా అని వెంటపడడమే. తీసుకెళ్తామన్నారు, తీసుకెళ్లిన లేఖ కాపీ చూపండి అని అది శాఖను అడుగుతుంది. పేపర్లో ఎక్కదు, టీవీల్లో రాదు, కానీ ఆఫీసువాళ్లకు టెన్షన్ పెట్టే కమిటీ అదే. అర్జీల కమిటీ కూడా ఉంది, దానికి మీరు పౌరుడిగా వినతి పంపుకోవచ్చు.

డబ్బు సంగతి వచ్చేసరికి అసెంబ్లీ పట్టు ఇంకా గట్టిది. కేంద్ర పథకం డబ్బు రాష్ట్ర ఖజానాలోకి వచ్చి ఖర్చయిందంటే దాని మీద కాగ్ ఇచ్చే రాష్ట్ర నివేదిక 151వ అధికరణం ప్రకారం గవర్నరు ద్వారా అసెంబ్లీకి వస్తుంది, దాన్ని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. జల్ జీవన్ లాంటి, కేంద్రం, రాష్ట్రం సగం సగం డబ్బు పెట్టే పథకంలో కుళాయి రాలేదంటే "కేంద్రం ఇవ్వలేదు" అనే జవాబుతో తృప్తి పడనక్కర్లేదు. రాష్ట్రం తన వాటా ఎప్పుడు వేసింది, వినియోగ పత్రాలు ఎప్పుడు పంపింది అని అడగచ్చు. వెనుకబడిన జిల్లాల గ్రాంటు గుర్తుందా? విభజన తర్వాత రాయలసీమ, ఉత్తరాంధ్రలోని ఏడు జిల్లాలకు, అందులో మన ఉమ్మడి చిత్తూరుకూ, జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున మూడేళ్లు వచ్చింది, తర్వాత ఒక దశలో ఆగింది. ఆ గొడవలో ఢిల్లీ వైపు నుంచి వినబడిన మాట యూసీలు, అంటే ఆ వినియోగ పత్రాలే, రాలేదని. రాష్ట్రం పంపామంది. ఎవరిది నిజమో ఊరి చావడిలో వాదించుకున్నాం. ఏ జిల్లా, ఏ పనికి, ఎంత, యూసీ ఏ తేదీ అని పట్టిక వేయించి సభలో పెట్టించి ఉంటే వాదన అక్కర్లేకపోయేది.

పెద్ద ప్రాజెక్టుల విషయంలో మాత్రం ఈ చిట్కాలు పెద్దగా పనిచేయవని ఒప్పుకోవాలి. విభజన చట్టం పదమూడో షెడ్యూలులో దుగరాజపట్నం దగ్గర కొత్త మేజర్ పోర్టు కడతామని, మొదటి దశ 2018 ఆఖరుకు పూర్తవుతుందని రాసుంది. అది ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ షెడ్యూలులోని పనులకు చర్యలు పదేళ్లలో తీసుకోవాలని 93వ సెక్షన్ చెప్పింది, ఆ పదేళ్లు 2024 జూన్‌తో అయిపోయాయి. పోర్టు రాలేదు. అదే షెడ్యూలులో ఉన్న ఐఐటీ, ఐసర్ మాత్రం 2015లోనే మొదలై ఏర్పేడు దగ్గర క్యాంపసులు కట్టుకున్నాయి. శ్రీకాళహస్తి దగ్గరి మన్నవరంలో 2010లో ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ, భెల్ ఉమ్మడి ఫ్యాక్టరీ అనుకున్నట్టు నడవలేదు. ఐఐటీకి, ఐసర్‌కు, మన్నవరానికి రాష్ట్రం భూములిచ్చింది. ఏది కట్టాలో, ఏది ఆపాలో తేల్చేది ఢిల్లీ. ఇట్లాంటివి ముఖ్యమంత్రులు కూర్చునే చోట తేలాలి. 2021 నవంబరులో మన తిరుపతిలోనే హోం మంత్రి అధ్యక్షతన దక్షిణ ప్రాంతీయ మండలి సమావేశం జరిగింది చూశారా, అట్లాంటి చోట. అక్కడ రాష్ట్రం తరఫున కూర్చునేది ముఖ్యమంత్రి, మంత్రులు. ఎమ్మెల్యేలకు కుర్చీ లేదు.

డిజైన్ మార్పు మీద నేరుగా అడగగలిగేది ఎంపీ. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు నక్షత్రపు గుర్తు ప్రశ్నలు 20 మాత్రమే, రాతపూర్వక జవాబు వచ్చేవి 230. రాతపూర్వక జవాబు చాలు మీకు. జిల్లాలో ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీ కూడా ఉంది, అందులో ఎమ్మెల్యేలు సభ్యులు, కలెక్టరు సభ్య కార్యదర్శి. కేంద్ర పథకాల మీద అడగడానికి ఎమ్మెల్యేకు అసెంబ్లీకంటే సూటైన చోటు అది. పోయి ఊరికే కూర్చుని టీ తాగి వచ్చేవాళ్లే ఎక్కువ, ఏం చేస్తాం.

కాబట్టి మీరు తీర్మానం మాట ఎత్తకండి. ముందు కాలా ఆఫీసుకు సమాచార హక్కు కింద 10 రూపాయల దరఖాస్తు పెట్టి ఉమ్మడి తనిఖీ నివేదిక, 3సీ సెక్షన్ కింద వచ్చిన రైతుల అభ్యంతరాల మీద ఇచ్చిన ఉత్తర్వుల కాపీలు తీసుకోండి. 30 రోజుల్లో ఇవ్వాలి. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ నకళ్లు తహసీల్దారు ఆఫీసులో దొరుకుతాయి. గ్రామసభలో ఆ దారి గురించి ఒక తీర్మానం రాయించి సర్పంచి సంతకం వేయించండి. మీ ఊరికి పనికొచ్చే తీర్మానం అదొక్కటే. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవన్నీ జతచేసి అర్జీ ఇచ్చి రసీదు నంబరు రాసుకోండి. ఆ రసీదు నంబరు, సర్వే నంబరు, నివేదిక తేదీ పైన నేను రాసిన ప్రశ్నలో పెట్టి, టైపు చేయించి, ఎమ్మెల్యే గారికి కాదు, ఆయన పీఏకి ఇవ్వండి. ప్రశ్నలు ఆన్‌లైన్లో ఎక్కించేది ఎక్కువగా వాళ్లే. సమావేశాల నోటిఫికేషన్ రాకముందే ఇవ్వాలి, వచ్చాక ఇస్తే ఆ కుప్పలో మీ కాగితం అడుగున పడుతుంది. రికార్డులో మీ దారి రాస్తా పోరంబోకుగా ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి, లేకపోతే ప్రశ్నలోని మొదటి భాగాన్ని మార్చాల్సి ఉంటుంది.